జపాన్ సత్రంలో నా తలంటు

ఒక్క సీసా నువ్వులనూనెతో కాపురాన్ని ముంచవచ్చని మీకు తెలుసా? తెలియకపోతే చదవండి. ముంచినవాణ్ణి నేనే.

అప్పుడు మేం ఐర్లండులోని స్లైగోలో ఉండేవాళ్ళం. మా ఆవిడ శిరీష అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఆ చలికాలమంతా వాన, ఆవిడకు ఎడతెగని డ్యూటీలు. ఇంటికొచ్చాక నేనేం మాట్లాడినా "ఊఁ" అనేది. ఒకరోజు మాత్రం ఏడ్చేసింది.

"నా వల్ల కావట్లేదండీ. నిద్ర కూడా పట్టట్లేదు."

నాకు భయమేసింది. సముద్రం ఒడ్డున జపాన్ పద్ధతిలో నడిపే సత్రం ఒకటుందని విని, రెండు రాత్రులకు గది తీశాను. చాపల మీద పరుపులు, వేడినీళ్ళ తొట్లు, ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు.

మేనేజరు గుమ్మంలోనే చెప్పాడు.

"ముందు బయట సబ్బుతో శుభ్రంగా స్నానం చెయ్యండి. ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. ఆ నీళ్ళు అందరివీ."

విన్నాను. చేశాను కూడా. కానీ గుంటూరు వాడికి నూనె పెట్టని వేణ్ణీళ్ళ స్నానమూ ఒక స్నానమేనా? తల నుంచి పాదాల దాకా నువ్వులనూనె దట్టంగా పట్టించి, కాస్త నాని, దర్జాగా తొట్టిలో దిగాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఈ ఉలిపికట్టెకు జిడ్డు కూడా.

లోపల ఒక ఐరిష్ పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెరిచేసరికి నీళ్ళ మీద నూనె ఆవకాయ మీద తేలినట్టు తేలుతోంది.

"ఏమిటిది?"

"నువ్వులనూనె. ఒంటికి మంచిదండీ."

"గ్రాండ్," అన్నాడు. అంటే భేషుగ్గా ఉందని. ఈ దేశంలో కొంప మునుగుతున్నా ఆ మాటే అంటారు. లేవబోయి జారిపడ్డాడు. చెయ్యిచ్చాను. నా చెయ్యీ జారింది. మళ్ళీ పడ్డాక ఆయన గ్రాండ్ అనడం మానేశాడు.

మేనేజరు పరుగున వచ్చి, ఇక నీళ్ళన్నీ వదిలేయాలంటూ నాకో తువ్వాలు చుట్టి నడవలోకి లాక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే శిరీష ఆడవాళ్ళ వైపు నుంచి వస్తోంది. ఎన్నాళ్ళకో ఆవిడ ముఖంలో కాస్త కళ కనిపించింది. నన్ను చూడగానే అదీ పోయింది.

"మేడమ్, ఈయన మీవారేనా?"

నా జుట్టు నుంచి కారుతున్న నూనెను ఆవిడ కాసేపు చూసింది.

"ఈయనెవరో నాకు తెలీదు," అని మర్యాదగా చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గది ఆవిడకు ఉంచి నన్ను పంపేశారు. బస్సులో సీటుకు మరకంటుతుందని నిటారుగా కూర్చున్నాను. బయట వాన. సిగ్గు విడిచి చెబుతున్నాను, దారంతా ఏడ్చాను. ఆవిడ ఇక నా ముఖం చూడదనుకున్నాను.

రెండు రాత్రులు గడిచాక శిరీష ఇంటికొచ్చింది.

"ఒళ్ళు తెలీకుండా నిద్రపోయానండీ!"

"నేను లేకపోయినా పట్టిందా?"

"మీరు లేరు కాబట్టే పట్టింది. 'ఎలా ఉన్నావు, ఎలా ఉన్నావు' అని గంటకోసారి లేపేవాళ్ళు లేరుగా!"

అందుచేత పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నేను పాడుచేసిన నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా ఆవిడ విశ్రాంతి తీసుకోవడానికి ఎక్కడికి వెళ్ళినా, ఈ జన్మలో నేను తోడు వెళ్ళను.