ఎనిమిదో రాయి

దయ్యాల కబుర్లు మొదలైతే చెప్పులేసుకుని వెళ్లిపోయే రకం నేను. రోజూ మా ఊరి నుంచి పులివెందులకు వెళ్లి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. దేవుడి సంగతి ఎవరైనా అడిగినా మాట దాటేస్తాను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది నా చేతుల మీద జరిగింది.

మా చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, మూడు బోర్లూ ఎండిపోయాయి. నాలుగోది వేయకపోతే పదహారేళ్ల చెట్లు ఆ వేసవి దాటవు. నీళ్లు చూసే ఆయన మిషను పెట్టి తోటంతా తిరిగి ఒకే ఒక్క చోట చూపించాడు. మా ఖర్మ, సరిగ్గా అక్కడే అక్కదేవతలు ఉన్నారు.

అక్కదేవతలంటే ఏడు నున్నటి రాళ్లు. నీళ్లున్న చోట ఏడుగురు అక్కచెల్లెళ్లు కాపురం ఉంటారని మా వైపు నమ్మకం. వాళ్లకు ఆడవాళ్లే పసుపు రాసి కుంకుమ పెడతారు. మగవాళ్లు ముట్టరు. ఒకప్పుడు ఆ రాళ్ల పక్కనే మా బావి ఉండేది. మా చెల్లెలు తొమ్మిదేళ్లప్పుడు అందులో పడి చనిపోయింది. నాన్న బావి పూడ్పించాడు. అమ్మ ఇరవై రెండేళ్లుగా తోటలో అడుగు పెట్టలేదు.

రాళ్లు జరపమంటే నా భార్య ససేమిరా అంది. అమ్మ ఒకటే మాట అంది.

“ఆడోళ్ల దేవుళ్లురా. నువ్వు ముట్టగాకు.”

నేను ముట్టాను. కోపంతోనే ముట్టాను, దాచుకోవడం దేనికి? పక్కనే ఉండి మా పిల్లను కాపాడలేకపోయిన రాళ్లకు మళ్లీ మర్యాదలా అనుకున్నాను. సాయంత్రం ఎండ తగ్గాక తట్టలో ఒకసారి నాలుగు, ఇంకోసారి మూడు మోసుకెళ్లి తూర్పు గట్టు మీద వరసగా పెట్టాను. ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఎక్కడ పెట్టిందీ ఇంట్లో చెప్పలేదు.

మర్నాడు ఏడు గంటలకు బోరు బండితో తోటకు వెళ్లేసరికి గట్టు మీద ఎనిమిది రాళ్లున్నాయి. ఫోనులో నిన్నటి ఫొటో చూశాను. అందులో ఏడే.

ఎనిమిదోది చివర ఉంది, చిన్నది. కొత్తగా రాసిన పసుపైతే గోటితో గీకితే వచ్చేస్తుంది. దాని మీద పసుపూ నూనె జిడ్డూ పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. ఏళ్ల తరబడి పూజ చేస్తే తప్ప అలా కాదు.

నేనింకా గీకుతుండగానే అమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో వాకిలి దాటని మనిషి. ఎవరినీ అడగకుండా నేరుగా గట్టు దగ్గరికి నడిచి ఆ చిన్న రాయి ముందు కూలబడింది.

“నా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోనుండారురా ఆయమ్మలు. ఇంగ దానికి బయం లేదు” అంది. పూడ్చిన బావి వైపు చెయ్యి చూపించి, “ఆడ మాత్రం బోరెయ్యగాకు. దానికి నొప్పైతాది” అంది.

“ఏం సార్, మొదులుపెడదామా?” అని డ్రైవరు కేక వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. చేత్తోనే వద్దని సైగ చేసి బండి వెనక్కి పంపేశాను.

తోట ఎండిపోయింది. చెట్లు కొట్టించిన రోజు చూడలేక కాలేజీకి వెళ్లిపోయాను.

ఆ రాయి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరో పాత గుడి నుంచి తెచ్చి పెట్టి ఉంటారని, కూలీలను విచారించమని నా భార్య పోరుతుంది. నేను విచారించలేదు. ఎవరో పెట్టారని తేలితే, రోజూ పొద్దున్నే ఆ ఎండిన తోటకు వెళ్లి చెల్లెలితో మాట్లాడి వచ్చే అమ్మకు ఏమని చెప్పాలి?