దేశం పుట్టిన ఊళ్ళో నా ఉద్యోగం

కెనడాలో అన్నిటికంటే చిన్న రాష్ట్రానికి వెళితే పీఆర్, అంటే అక్కడే ఉండిపోయే హక్కు, తొందరగా వస్తుందని హైదరాబాద్ కన్సల్టెన్సీ ఆయన చెప్పాడు. ఆ మాట నా ఒక్కదానికే చెప్పాడనుకుని సంబరపడ్డాను. చదువు పేరుతో షార్లెట్‌టౌన్‌లో దిగి చూస్తే సిటీ బస్సులో సగం మంది తెలుగు, పంజాబీ పిల్లలే. ఖాళీగా ఉందని విని అందరం వచ్చి నింపేసిన ఊరది.

ఆ దీవి రాష్ట్రానికి రాజధాని అన్న పేరేగానీ కాసేపు నడిస్తే ఊరైపోయి సముద్రం వస్తుంది. ఎర్రమట్టి, చర్చి గోపురాలు, చేపల పడవలు. కొత్త ముఖం కనబడితే చాలు, ముసలివాళ్ళు "మీ నాన్నెవరు?" అని అడుగుతారు. ఖమ్మంలో ఉంటాడని చెబితే, పాపం, అది దీవికి ఆ కొసన ఏదో పల్లె అనుకునేవారు.

చదువయ్యాక వేసవిలో గైడ్ ఉద్యోగం దొరికింది. పాతకాలపు దొరసాని గౌను, తలకు బోనెట్ వేసుకుని, కెనడా అనే దేశానికి ఈ ఊళ్ళో ఎలా అంకురం పడిందో టూరిస్టులకు చెప్పాలి. అందరం ఒక దేశంగా కలుద్దామని మాట్లాడటానికి 1864లో వేర్వేరు బ్రిటిష్ వలసల పెద్దమనుషులు ఓడెక్కి వచ్చారు. అప్పుడు ఊళ్ళో సర్కస్ ఆడుతోంది. జనమంతా అక్కడే. ఎదురెళ్ళింది ఒకే ఒక్కడు, అదీ చిన్న పడవ వేసుకుని. హోటళ్ళు నిండిపోయి వచ్చినవాళ్ళలో చాలామంది ఓడలోనే పడుకున్నారు. ఇక్కడ టూరిస్టులు తప్పకుండా నవ్వేవారు. బేస్‌మెంట్‌లో ఇంకో నలుగురితో సర్దుకుంటున్నదాన్ని, గదుల్లేవన్న ముక్కకు నాకు నవ్వొచ్చేది కాదు. అయినా నవ్వేదాన్ని, జీతం అందుక్కూడా ఇస్తున్నారు కదా.

ఇంత చేసినా ఆ ఉద్యోగం పీఆర్‌కు పనికిరాదు. మేం వచ్చాక రూల్స్ మారాయి. నర్సులో వడ్రంగులో అయితే రమ్మన్నారు. సీజన్ అయిపోయిన నెలకే నా వర్క్ పర్మిట్ కూడా అయిపోతుంది. ఈ దేశం పుట్టుక గురించి నోరు నొప్పెట్టేలా చెప్పడం, ఇందులో నాకు చోటు లేదని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడవడం. ఆ వేసవంతా ఇదే పని.

ఒకరోజు టొరంటో నుంచి వచ్చిన రిటైర్డ్ డాక్టర్ ఆంటీ ఒకావిడ, బోనెట్ కింద నా ముఖం చూసి గుర్తుపట్టారు.

"తెలుగమ్మాయివేనా? అబ్బ, ఎంత బావుందమ్మా ఈ ఊరు! హాయిగా ఇక్కడే సెటిలైపో."

"పర్మిట్ అయిపోతుందాంటీ. పీఆర్‌కు పిలిచే డ్రాలో నా పేరు వస్తలేదు."

"ఏదో ఒకటి అప్లై చేస్తూ ఉండమ్మా. మా రోజుల్లో అయితే పిలిచి మరీ ఇచ్చారు."

అని నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఆవిడ తప్పేం లేదని తెలిసి కూడా ఒళ్ళు మండిపోయింది.

ఆఖరి రోజు గౌను అప్పగించబోతే, మా అందరి బట్టలూ కుట్టే పెద్దావిడ నన్ను స్టూలు మీద నిలబెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని గౌను అంచు చుట్టూ గుండుసూదులు గుచ్చుతూ, "నీకిది పొట్టిగా ఉంది. వచ్చే వేసవికి రెండంగుళాలు దించి ఉంచుతాను" అంది.

నేనుండనని చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ వచ్చే ఏడాది కూడా ఆ ఊళ్ళో నేనుంటానని నమ్మిన మనిషి ఆవిడొక్కతే. కొలత తప్పిపోకుండా కదలకుండా నిలబడ్డాను.