అడగకుండా చేర్చిన పేర్లు

మా పాప తినడం లేదన్న నా భయాలన్నీ బ్లాగులో రాస్తాను. ఎవరూ చదవడం లేదని, ఆ రోజు గిద్దలూరు బస్సులో కాలేజీ స్నేహితుల ఈమెయిల్ అడ్రసులన్నీ ఫోన్లో సబ్‌స్క్రైబర్ల జాబితాలో ఎక్కిస్తున్నాను.

"ఏందమ్మా అది?" అంది పక్కసీటు పెద్దామె. చేతిలో కుంకుమ భరిణె ఉంది.

"నేను రాసినప్పుడల్లా వీళ్ళకు ఉత్తరం పోతుంది పెద్దమ్మా."

"పంపమన్నారా?"

"అడగలేదు."

"నిన్న మా ఇంట్లో పెళ్ళికి పిలవబోతే ఒకరింటికి తాళం. గడపకు బొట్టు పెట్టొచ్చినా. మనసొప్పక మళ్ళీ పోతున్నా. మనిషిని చూసి పిలవాల గదా!"

ఆమె కంభంలో దిగిపోయింది. పేర్లన్నీ తీసేసి, ఒక్కొక్కరినీ అడుగుతూ మెయిల్ రాశాను. ఇద్దరు సరేనన్నారు. హాస్టల్లో నాలుగేళ్ళు నా పక్కమంచం మీద పడుకున్న స్నేహితురాలు మాత్రం జవాబివ్వలేదు. తను చూడలేదో, వద్దనుకుందో. మళ్ళీ అడగాలో, ఊరుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.