సీసాలోడు బతికిన సినిమా

ఆత్మకూరులో సెల్లు కొట్లో పనికి కుదిరిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియంది లేదనుకునేవాణ్ణి. (తెలిసిందల్లా మెమరీ కార్డులో పాటలెక్కించడం, అంతే!) ఆదివారం మర్రిపాడులో ఇంటికి పోతే, మధ్యాహ్నం టీవీలో తెలుగు మాటలు పెట్టిన పాత అమెరికా గుర్రాల సినిమా వచ్చేది. బతుకంతా గొర్రెలు కాసిన మా అవ్వకి అవంటే ప్రాణం. ఆ కంపచెట్లు, బోడి కొండలు చూసి, "ఇది బద్వేలు అవతలేనంట్రా?" అని అడిగేది. వాళ్ళు తెలుగే మాట్లాడుతుంటే ఆమె మాత్రం ఇంకేమనుకుంటుంది!

హీరోలు ఆమె కంటికి ఆనేవాళ్ళు కాదు. సారాయంగట్లో సీసాలు తుడుస్తూ ఒక బక్కాయన ఉండేవాడు. ఒక సినిమాలో బ్యాంకు గుమాస్తా, ఇంకోదాంట్లో బండి తోలేవాడు, ఎక్కువసార్లు సీసాల కాడే. ఏ వేషమేసినా సగం సినిమాకి తూటా తగిలి పోయేవాడు. అవ్వ ఆయనకి సీసాలోడని పేరు పెట్టింది. మళ్ళీ వారం కనబడితే, "పోయినసారి దెబ్బ మానినట్టుండాదిరా" అని సంబరపడేది. అదంతా నటన అవ్వా అని నేను పాఠం చెప్పబోతే కసిరింది.

"నటనైతే మాత్రం ఎప్పుడూ వాణ్ణే చంపాల్నా? వాడి పెళ్ళాం బిడ్డలు చూస్తే ఎట్టుంటాదిరా వాళ్ళకి?"

ఒక ఆదివారం సీసాలోణ్ణి వెనకనించి కాల్చినారు. అవ్వ అన్నం ముట్టలేదు. "నా కళ్ళు మసకేస్తా ఉండాయి. పూర్తిగా పోకముందే వాడు కడదాకా బతికే సినిమా ఒక్కటి చూపించరా" అంది. నవ్వుదామనుకున్నాను గానీ, ఆమె మొహం చూస్తే నవ్వు రాలేదు.

కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సీసాలోడి సినిమాల కోసం నెట్‌లో వెతుకుతుంటే, మా ఓనరు భాయ్ వెనకనించి తొంగిచూసి, "ఏందిరా, హీరోల్ని వదిలేసి సీసాలు కడిగేవాడి మీద పడ్డావు?" అన్నాడు. ఆయన గురించి రాసిందంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చదివినాను. ఆయన పాలబండి తోలినాడంట, నాటకాలాడినాడంట, ముసలాడయ్యేదాకా చిన్న వేషాలే వేసినాడంట. పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు. ఒక సినిమా దగ్గర మాత్రం బతుకుతాడని రాసినట్టే అనిపించింది. చావడని రాసినారో, చస్తాడని రాసినారో, దేవుడికే తెలియాల!

ఆ సినిమా దించుకుని, భాయ్ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి అవ్వకి పెట్టినాను. దానికి తెలుగు మాటల్లేవు. "ఏంది, తెలుగు మర్చిపోయినారా వీళ్ళు?" అంది అవ్వ. చివర్లో అంగట్లో కాల్పులు మొదలైనాయి. సీసాలన్నీ పగిలినాయి. సీసాలోడు బల్ల కింద దూరినాడు. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. నేనూ తెరకి దగ్గరగా జరిగినాను. పొగ తగ్గినాక ఆయన మెల్లగా లేచి, పగలని సీసా ఒకటి తీసి తుడవడం మొదలుపెట్టినాడు. బయట మళ్ళీ గుర్రాల చప్పుడు.

"ఆపరా!" అని అరిచింది అవ్వ.

"ఇంకా పది నిమిషాల సినిమా ఉండాది అవ్వా."

"వద్దు నాయనా. ఇప్పటికి ఉండాడు గదా. చాలు."

ఆపేసినాను. ఆ పూట అవ్వ కడుపునిండా తినింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ సినిమా ఇప్పుడు నా ఫోన్లోనే ఉంది. నా ఇంగ్లీషు కూడా కాస్త బాగుపడింది. ఆ బక్కాయన చివరికి ఏమైనాడో తెలుసుకోవడం నిమిషం పని. అన్నీ తెలుసని విర్రవీగిన ఆ కుర్రాడైతే ఎప్పుడో చూసేసేవాడు. నేను మాత్రం ఆయన సీసా తుడిచే దాకా చూసి, ఆపేస్తాను.