తుప్పు పట్టే ఉక్కు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో, తాడేపల్లిగూడెంలోని మా వర్క్‌షాపుకి మండవల్లి నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చారు. చేపల చెరువుల మీద పని చేసుకుంటారు. నేను నాటకాలవాళ్ళకీ, కత్తిసాము నేర్చుకునేవాళ్ళకీ పాతకాలపు నమూనాలో పదును లేని కత్తులు చేసిస్తాను. ఆవిడ, కత్తి పట్టుకుని నిలబడ్డ ఒకాయన పాత ఫొటో బల్ల మీద పెట్టారు.

"మా నాన్నగారండీ. నలభై ఏళ్ళు కత్తిసాము నేర్పారు. కిందటేడు కొల్లేరు పొంగినప్పుడు ఇల్లు మునిగి ఆ కత్తి పోయిందండీ. అప్పట్నించీ ఆయన మాట్లాడ్డం మానేశారు. అచ్చం అలాంటిదే కావాలండీ."

నా తెలివి చూడండి. కొల్లేటి తేమలో మామూలు ఉక్కు నాలుగు రోజులు ఆగదని స్టెయిన్‌లెస్ స్టీల్ ఎంచాను. అది తుప్పు పట్టదు. కానీ అంత పొడుగు కత్తికి పెళుసు, గట్టిగా తగిలితే విరుగుతుంది. పెద్దాయన ఇక సాము చేస్తారా, గోడకి పెట్టుకుంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అద్దంలా మెరిపించి, "జన్మలో నూనె రాయక్కర్లేదండీ" అని గొప్పలు పోతూ ఇచ్చాను.

పది రోజులకి ఆ కత్తి పట్టుకుని ఆవిడే తిరిగొచ్చారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏం తక్కువైందండీ దీనికి?" అన్నాను.

"కత్తి బాగుందండీ. నాన్నగారే... చేత్తో తడిమి పక్కన పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదండీ." కత్తిని బల్ల మీద పెట్టి, "నా చిన్నప్పుడు శుక్రవారం పొద్దున్నే మా ఇద్దరికీ ఒకటే పనండీ. ఆయన కత్తి పట్టుకుంటే నేను కొబ్బరినూనె గుడ్డతో తుడిచేదాన్ని. ఆ పూట తప్ప నాతో అంతసేపు కూర్చునేవారు కాదండీ. దీనికి తుడవడానికేముందీ?" అన్నారు.

మా నాన్న కొలిమి దగ్గర నేను తిత్తి ఊదిన రోజులు గుర్తొచ్చాయి. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ సెగ మళ్ళీ ఒక్కసారి ముఖానికి తగిలితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈసారి ఈఎన్ 45 తీశాను. లారీ కమాను పట్టీలకి వాడే స్ప్రింగ్ స్టీల్ అది. వంచినా మళ్ళీ తిన్నగా నిలబడుతుంది. కాల్చి నూనెలో ముంచాక, సన్నని వేడి మీద టెంపరింగ్ చేశాను, అంటే పెళుసుదనం తీసేశాను. మెరుగు పెట్టకుండా ఇచ్చి, తుప్పు పడుతుందని మాత్రం రెండుసార్లు చెప్పాను.

మూడో వారం ఓ పొద్దున్న ఫోను. "అన్నయ్యగారూ, కత్తి తుప్పు పట్టిందండీ!"

"అయ్యయ్యో, పంపించెయ్యండి, నేను చూసి..."

"వద్దండీ, వద్దు!" ఆవిడ ఏడుస్తున్నారు. "నాన్నగారు చూసి కోప్పడ్డారండీ. 'ఇవాళ శుక్రవారం కదే, నూనె ఏదీ?' అన్నారండీ."

ఇప్పుడు కత్తి చేయించుకోవడానికి ఎవరొచ్చినా, కొలతలకన్నా ముందు నేను అడిగేది ఒకటే: దీన్ని ఎవరు తుడుస్తారండీ?