వేరు కంచం

మెదక్‌లో ఎలిశిబా డాక్టరమ్మకు ఒక చెడ్డపేరుండేది. జ్వరమని పోయినా సరే, నాడి పట్టుకోకముందే మీ అమ్మ ఏ జబ్బుతో పోయింది, మీ పెద్దమ్మ ఏ జబ్బుతో పోయింది అని అడుగుతుందని. "గామె మందిచ్చుడు తర్వాత, ముందుగాల పీనుగులను లేపుతది" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఆమె ఆరా తీస్తున్నది రొమ్ములో పుట్టే రాచపుండు గురించి. మనవాళ్ల తీరే అంత, ప్రాణం తీసేదానికే రాచమర్యాద. పాముకు పుట్ట దగ్గర పాలు పోసిన చేతులే ఈ పుండుకు కిరీటం పెట్టాయి. తల్లి కమలమ్మ ఆ పుండుతోనే పోవడం చూసింది ఎలిశిబా. మద్రాసులో చదువు ముగించి వచ్చినప్పటినుంచి కుల్చారం, శివ్వంపేట దాకా బండి కట్టించుకుని తిరుగుతూ, ఈ జబ్బు ఎవరి తర్వాత ఎవరికి వస్తోందో ఇల్లిల్లూ అడుగుతూనే ఉంది.

రజాకార్ల జోరు ముదిరిన ఎండాకాలంలో, బట్టలు కుట్టే మేర నర్సింగం భార్య బాలమణి ఆమె దవాఖానాకు వచ్చింది. ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేని గడ్డను ఎవరూ తెచ్చి చూపించుకోరు; ఇంట్లోవాళ్లు తరిమితేనే వచ్చింది.

"మా అత్త ఆగమ్మ పోయినేడు గిదే పుండుతోని సచ్చిపోయిందమ్మా. నేనే కడిగిన, నేనే కట్టు కట్టిన. గది నాకంటిందని నా కంచం, చెంబు కొట్టంల పెట్టిండ్రు."

ఎలిశిబా చెయ్యి ఆగింది. అత్తది కోడలికెట్లా వస్తుంది? మెడలో మూడు ముళ్లు పడినంత మాత్రాన నెత్తురు కలుస్తుందా? అంతలోనే తట్టింది.

"పెండ్లికి ముందు ఆగమ్మ నీకేమైతది?"

"మేనత్త. మా నాయినకు సొంత చెల్లె."

మేనరికం! ఆస్తి గడప దాటకూడదని పెద్దలు చేసుకున్న కట్టుబాటులో, దాటకుండా ఆగిపోయింది ఆస్తి ఒక్కటేనా? ఇది అంటింది కాదు, తండ్రి వైపు నుంచి దిగింది. రొమ్ము తీసేస్తే బతుకుతావని, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే రమ్మని బాలమణికి చెప్పింది. మరునాడు తానే వాళ్లింటికి పోయింది.

నర్సింగం అరుగు మీద మిషన్ తొక్కుతున్నాడు. రజాకార్ల ఖాకీ చొక్కాలు. కుట్టనంటే చెయ్యి మిగలదు.

"ఆమె కంచం లోపట పెట్టు నర్సింగం. ఇది అంటురోగం కాదు, రక్తంల ఉంది. మీ అమ్మది, నీ పెండ్లాంది ఒక్కటే రక్తం."

మిషన్ ఆగింది. "జర మెల్లగ మాట్లాడుండ్రి" అన్నాడు నర్సింగం. బాలమణి చెల్లెలు యాదవ్వ ఆ ఇంట్లోనే ఉంది. పెళ్లికాని పిల్ల రజాకార్ల కంట పడుతుందని భయపడి టేక్మాల్ సంబంధం తొందరగా ఖాయం చేసుకున్నారు.

"అంటురోగమైతే ఒక్క మనిషికే శెడుపు డాక్టరమ్మా. రక్తంల ఉన్నదంటే ఇంటికే శెడుపు. టేక్మాలోళ్లు గీ పిల్లను జేసుకుంటరా?"

"పిల్ల పెండ్లి కోసం పెండ్లాన్ని సంపుకుంటవా?"

బాలమణి జవాబు తలుపు చాటునుంచి వచ్చింది. "ఆయననేం అనకుండ్రి. చెల్లె మెడల పుస్తె పడనియ్యుండ్రి, నేనే ఒచ్చి మీ బల్ల మీద పంట. అందాక నన్ను మీరెరగరు, మిమ్ముల నేనెరగ."

ఆనాటినుంచి కంచం లోపలికి వచ్చింది. బాలమణి బయటికి రావడం ఆగింది.

ముహూర్తం దగ్గరపడేసరికి టేక్మాల్ దారి తెగ్గొట్టి ఉంది. ఒకనాడు కమ్యూనిస్టు సంఘం వాళ్లు తవ్వారన్నారు, ఒకనాడు రజాకార్లు కాపలా కాశారన్నారు. తర్వాత శూన్యమాసం. అందులోనే యూనియన్ సైన్యం దిగింది. ఖాకీలు కుట్టిన మిషన్ మీదే నర్సింగం మూడు రంగుల జెండాలు కుట్టాడు. రాజ్యం వారంలోపే మారిపోయింది. పెళ్లి ముహూర్తం మాత్రం మార్గశిరం దాకా కుదరలేదు.

పెళ్లి మరునాడే బాలమణి వచ్చింది, చేతుల పసుపు ఆరకుండానే. "ఒచ్చిన డాక్టరమ్మా, మాటంటే మాటే" అని నవ్వింది. రైక విప్పితే గడ్డ పగిలి ఉంది. చంకలో గడ్డలు గచ్చకాయల్లా గట్టిపడి ఉన్నాయి. ఎలిశిబా కొయ్యగలిగింది కోసింది. హైదరాబాదులో రేడియం పెడతారని తానే వెంట తీసుకుపోతే, ఇంత ఆలస్యంగానా అని అక్కడివాళ్లు ఎలిశిబానే కసిరారు. ఉగాది రాకముందే బాలమణి పోయింది.

దినాలు కాగానే యాదవ్వను ఆమె టేక్మాల్ అత్త ఐలమ్మ దవాఖానాకు తెచ్చింది. "గీ పిల్ల అక్కకు కట్లు కట్టింది. జర నిజం చెప్పుండ్రి. అంటురోగమా, రక్తంల ఉన్నదా? రక్తంల ఉన్నదైతే దీన్ని గీడ్నే ఇడిసిపెట్టి పోత."

యాదవ్వ రైక ముడిని పట్టుకుని నేల చూస్తోంది. మద్రాసు డాక్టర్ల సభకు ఎలిశిబా రాసి పంపిందంతా ఒక్కటే: ఇది అంటదు, తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది, ఆ ఇంటి ఆడపిల్లలను విడవకుండా చూస్తుండాలి.

"అంటురోగమే" అంది ఎలిశిబా. "ఏడాదికొక్కసారి తెచ్చి నాకు చూపియ్యాలె. తప్పొద్దు."

ఐలమ్మ ఊపిరి పీల్చుకుంది. "గంతేనా! మస్తు బుగులు పడితిమి. ఇంకేంది, కంచం వేరు పెడ్తం, కొట్టంల పండవెడ్తం."

యాదవ్వ తలెత్తి డాక్టరమ్మ మొహంలోకి చూసింది.

"పెట్టుండ్రి" అంది ఎలిశిబా.