ఎవరి చెయ్యీ తగలని చేప

మా ఇంట్లో గుడ్డు కూడా వండేవారు కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఇవాళ శాండియాగోలో, గరాజ్ నిండా గాలాలూ రాడ్లూ రీళ్లూ, చేప తలకాయలతో నిండిన ఓ పెద్ద ఫ్రీజరూ పెట్టుకుని కాపురం చేస్తున్నాను. నేను ఇప్పటికీ చేప తినను, పట్టను. పట్టేది మా ఆవిడ. నా పనల్లా సంచులు మోయడం, ఆమె ఫోటోలు తీయడం, సముద్రం మీద వాంతులు చేసుకోవడం. చివరిది మాత్రం బాగా చేస్తాను.

ఆమెది కాకినాడ, నాది వరంగల్. అమెరికాకొచ్చిన కొత్తలో, పిస్కాటవేలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఇద్దరం ఒకే క్లాసు. అందుకే పెళ్లయి ఇన్నేళ్లయినా "ఏమండీ" అన్న మాట మా ఇంట్లో వినపడలేదు. కాకినాడ అనగానే చేపలు పట్టడం పుట్టుకతో వచ్చిందనుకుంటారు జనం. వట్టిదే. అక్కడ వాళ్లింట్లో చేపలు కొనుక్కునేవారు, అంతే. పట్టడం ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది. ఆఫీసువాళ్లు టీమ్ అవుటింగ్ అని ఒకసారి సగంపూట పడవ ఎక్కించారు. మిగతావాళ్లు బీరు తాగి దిగారు, ఈమె పిచ్చి పట్టి దిగింది.

అసలు పెద్ద చేపలుండేది దక్షిణాన, మెక్సికో నీళ్లలో. అక్కడికి పోయి రావాలంటే కొన్ని రోజుల పాటు పడవలోనే తిండి, పడవలోనే పడక. హెచ్‌వన్ వీసా మీద ఉన్నన్నాళ్లూ మాకు ధైర్యం చాలలేదు. సముద్రంలోకి వెళ్లొస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ అంటారేమోనని లాయర్‌కి మెయిల్ పెడితే, ఇన్నేళ్ల సర్వీసులో చేప కోసం ఈ ప్రశ్న అడిగినవాళ్లు మీరే మొదలని ఆయన జవాబు రాశాడు. గ్రీన్ కార్డు రాగానే మా స్నేహితులు ఇండియాకు టికెట్లు బుక్ చేసుకున్నారు. ఈమె ఒక రాడ్డు కొనుక్కుంది.

ఆమె వెంటపడే చేప పేరు యెల్లోటెయిల్. వీపు నీలం, కడుపు వెండి, తోక మాత్రం ఎవరో పసుపు రాసి పంపినట్టుంటుంది. చిన్నవి చాలామందికే పడతాయి. నలభై పౌండ్లు దాటిన దాన్ని పడవవాళ్లు ట్రోఫీ అంటారు. అది ఎరను మింగిన మరుక్షణం నేరుగా అడుగునున్న రాళ్లలోకి దూరుతుంది. రాయి అంచుకు దారం రాసుకుందంటే పుటుక్కున తెగుతుంది. కాబట్టి దానికి జానెడు దారం కూడా వదలకుండా మొదట్లోనే ఆపాలి. అంటే బలం కావాలి. ఎడమ చేత్తో రాడ్డు పట్టి, కుడిచేత్తో రీలు చుట్టాలి.

ఆ ఎడమ భుజమే పోయింది ఆమెకు. లోపల కండరం చిరిగితే సర్జరీ చేశారు. డాక్టర్ మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. రోజువారీ పనులన్నీ చేసుకోవచ్చు గానీ పాత బలం తిరిగి రాదన్నాడు. ఆమె బుద్ధిగా తల ఊపి ఇంటికొచ్చి, తలుపు గొళ్లేనికి రబ్బరు పట్టీ కట్టి లాగడం మొదలుపెట్టింది. వంటయ్యాక లాగడం, జూమ్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి లాగడం. ఒక్కోసారి నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. "ఎందుకే ఈ గోస" అంటే, "నువ్వు వెళ్లి పప్పు చూడు, మాడుతోంది" అనేది.

సర్జరీ తర్వాత వెళ్లిన మొదటి ట్రిప్పులో పెద్ద చేపే పడింది. సగం దాకా తెచ్చింది. అక్కడ భుజం మొరాయించింది. పక్కనున్న డెక్‌హ్యాండ్‌కి, అంటే పడవ పనివాడికి, రాడ్డు అందించేసింది. అతను చేపను పైకి తెచ్చాడు, పడవంతా చప్పట్లు కొట్టారు. పడవ మీద ఒక ఆనవాయితీ ఉంది. గాలానికి చేప పడ్డాక రాడ్డు చేతులు మారితే అది ఎవరి చేపా కాదు. తినొచ్చు, ఫోటో దిగొచ్చు, నాది అని మాత్రం అనకూడదు. ఆ చేపను ఎవరికో ఇచ్చేసి ఖాళీ చేతులతో దిగింది.  ఇంటికొచ్చాక ఒకే మాట అంది: "ఇంకొక్క ట్రిప్. ఈసారి నేనొక్కదాన్నే పైకి తేలేకపోతే ఇవన్నీ అమ్మేద్దాం. నేను పడిపోయినా సరే, నా రాడ్డు ముట్టుకోకు."

అమ్మేస్తే నా గరాజ్ నాకు మిగులుతుంది. సంతోషించాలి కదా. కానీ రాడ్లు లేని మా ఆవిడను ఊహించుకోవడం నావల్ల కాలేదు.

ఆ ఇంకొక్క ట్రిప్ సంగతే చెబుతున్నాను.

పడవలో ఎక్కువమంది రిటైరైన అమెరికన్ పెద్దమనుషులు. ఆడమనిషి ఆమె ఒక్కతే, చేపల పడవలో పులిహోర డబ్బాతో ఎక్కిన మగాడిని నేనొక్కణ్ణే. మొదటిరోజే ఆమె డెక్‌హ్యాండ్‌తో ఒప్పందం చేసుకుంది. పడవవాళ్లు చేప తోలు తీసి, ముల్లు తీసి, మెత్తటి కండ మాత్రం కవర్లలో వేసి, తలకాయలు సముద్రంలో పారేస్తారు. అది చూసి ఈమె ప్రాణం కొట్టుకుపోతుంది. "నా చేపల్ని కొయ్యొద్దు, అలాగే ఐసులో పెట్టండి. మీరు పారేసే తలకాయలు కూడా నాకే ఇవ్వండి" అంది. అందరూ వింతగా చూశారు. పులుసు గురించి ఆమె చెప్పడం మొదలుపెడితే, చెప్పే తీరుకు చేప తినని నాకే నోరూరింది. సాయంత్రానికి గడ్డం పెద్దాయన ఒకాయన తన చేప తలను రెండు చేతులతో పట్టుకొచ్చి, పెళ్లిపిలుపులా వినయంగా ఆమెకు అందించాడు. నా ఫ్రీజరు గతి ఏమిటో అప్పుడే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే సముద్రం అడుగున రాతి గుట్టలున్న చోట లంగరు వేశారు. ఆమె బతికున్న మాకెరెల్ చేప ఒకదాన్ని ఎరగా గాలానికి గుచ్చి అడుగుదాకా వదిలింది. నేను వెనక బెంచీ మీద నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి రాడ్డు కొస నీళ్లలోకి వంగింది. ఆమె రాడ్డును పడవ అంచునున్న కమ్మీకి ఆనించి, మోకాళ్లు వంచి, చుట్టడం మొదలుపెట్టింది. చేప లాగుతోంది, ఈమె వదలడం లేదు. కానీ అది పెద్దది. ఎంత బిగబట్టినా దారం గుంజుకుని రాళ్లలోకి దూరింది. దారం కదలడం ఆగిపోయింది.

"రాయిలో ఇరుక్కుంది. తెంచెయ్యమ్మా, ఇంకోటి కడతాను" అన్నాడు డెక్‌హ్యాండ్.

ఆమె తెంచలేదు. రీలు వదులు చేసి, దారాన్ని వేలాడనిచ్చి నిలబడింది. నేను దగ్గరికెళ్లి "ఏం జేస్తున్నవ్?" అని అడిగాను.

"లాగేవాళ్లు లేరనుకుంటే అదే బయటికొస్తుంది. నువ్వు నోరు మూసుకుని నిలబడు."

నిలబడ్డాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండిదాని గురించి సామెత కట్టినవాళ్లకు ధైర్యం చాలినట్టు లేదు. అటూ ఇటూ అందరికీ చేపలు పడుతున్నాయి, కేకలు, పరుగులు. ఈమె వదులు దారం మీద ఒక వేలు ఆనించి, చంటిపిల్ల నిద్ర చూసినట్టు చూస్తోంది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. చాలాసేపటికి దారం మెల్లగా పక్కకు జరిగింది. ఆమె ఇంకాస్త ఆగింది. ఇంకాస్త జరిగింది. అప్పుడు రీలు బిగించి, ఊపిరాడనీయకుండా చుట్టింది. చేప రాయి వదిలి బయటికొచ్చేసింది. గడ్డం పెద్దాయన "గుడ్ గాడ్" అన్నాడు మెల్లగా.

చేప పైకొస్తూ పడవ వెనకవైపుకి పరుగుతీసింది. చేప ఎటుపోతే మనిషి అటు నడవాలి. ఆమె నడిచింది. దారిలో గడ్డం పెద్దాయన. ఆయన గాలానికీ చేప ఉంది, ఆయన దారం ఈమె దారికి అడ్డంగా ఉంది. అలాంటప్పుడు డెక్‌హ్యాండ్ రాడ్డు తీసుకుని, అవతలి దారం కింద నుంచి దాటించి, తిరిగి చేతికిస్తాడు. అందరికీ చేస్తాడు. అతను చెయ్యి చాచాడు.

"వద్దు" అంది ఆమె.

"దాటించి ఇచ్చేస్తాను. ఇది చేతులు మారినట్టు లెక్క కాదు."

"మీ లెక్కలో కాదు. నా లెక్కలో అవుతుంది."

అని రెండు మోకాళ్ల మీద కూర్చుంది. తడి డెక్ మీద, రాడ్డును ఛాతీకి హత్తుకుని, ఆయన దారం కింద నుంచి మోకాళ్లతో పాకింది. పెద్దాయన తన రాడ్డును ఎంత పైకెత్తగలడో అంత పైకెత్తి నిలబడ్డాడు. చుట్టడం మానేశాడు. ఆయన చేప దారం లాక్కుపోతున్న చప్పుడు మాకందరికీ వినిపిస్తోంది. "తొందరేం లేదమ్మా" అన్నాడు.

అవతలికి వెళ్లింది. లేవాలి. లేవాలంటే నేల మీద ఒక చెయ్యి ఆనించాలి. కుడి చెయ్యి రీలు మీద ఉంది. ఎడమ చేతిలో రాడ్డు ఉంది, ఆ భుజంలో బలం అయిపోయింది. లేవబోయి మళ్లీ మోకాళ్ల మీద పడింది. రాడ్డు కొస కిందికి జారింది. పోయిన ట్రిప్పులో రాడ్డు అందించేసింది సరిగ్గా ఇలాంటప్పుడే. నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి.

"చెయ్యి తియ్" అంది, ఇటు చూడకుండానే.

"రాడ్డు కాదు. నిన్ను పట్టుకుంటున్న."

"నన్నూ వద్దు."

ఈ మనిషితో పెళ్లై ఇన్నేళ్లలో బోలెడుసార్లు కోపం వచ్చింది. ఆ క్షణంలో వచ్చినంత ఎప్పుడూ రాలేదు, అంత గర్వం కూడా ఎప్పుడూ రాలేదు.  చేతులు కట్టుకుని నిలబడ్డాను. జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

ఆమె నడుమును కమ్మీ స్తంభానికి ఆనించి, ఒక కాలు ముందుకు పెట్టి, దాన్ని గట్టిగా తన్ని, వీపుతో పాకుతున్నట్టు పైకి లేచింది. లేచి చుట్టింది. పళ్లు బిగించి, ఏవో కాకినాడ తిట్లు తిడుతూ చుట్టింది. నీళ్లలో ముందు వెండి మెరుపు, తర్వాత పసుపు తోక. డెక్‌హ్యాండ్ కొక్కెం కర్రతో వంగాడు, ఒక్క ఊపులో పైకి లాగాడు. దబ్బున డెక్ మీద పడింది. చంటాడిని పడుకోబెట్టే ఉయ్యాలంత పొడవుంది. డెక్‌హ్యాండ్ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "నలభై ఎప్పుడో దాటింది" అన్నాడు.

పై గదిలోంచి మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది: "ఆ రాడ్డు ఎవరైనా ముట్టుకున్నారా?"

 గడ్డం పెద్దాయన తన రీలు చుట్టుకుంటూ వచ్చాడు. దారం కొసన గాలం లేదు, చేప లేదు. పైకి చూసి, "ఎవరూ ముట్టుకోలేదు. మొగుడిని కూడా ముట్టుకోనివ్వలేదు" అని అరిచి చెప్పాడు. పడవంతా నవ్వింది. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆమె చేప పక్కనే తడి డెక్ మీద చతికిలబడింది. ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏం ముట్టుకోవచ్చో, ఏం ముట్టుకోకూడదో తెలియక చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాను. కాసేపటికి రాడ్డు నావైపు వంచింది.

"ఇప్పుడు పట్టుకో" అంది. "వేళ్లు విడిపించు. రాడ్డుకి బిగుసుకుపోయాయి, రావట్లేదు."

ఆమె ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటే విడదీశాను.